తీర్థం ఎవరికి ముందు?

పలమనేరు కోర్టు చుట్టుపక్కల వకీళ్ల బోర్డులు చదువుకుంటూ నడిస్తే సివిల్, క్రిమినల్, యాక్సిడెంటు క్లెయిములు, నోటరీ అన్నీ కనిపిస్తాయి. మత స్వేచ్ఛ కేసులు చూడబడును అన్న బోర్డు మాత్రం కనిపించదు. ఎవరైనా అట్లాంటి బోర్డు తగిలించుకుంటే పక్కనున్న టీకొట్టతను కూడా అనుమానంగా చూస్తాడు, ఈయన ఏ పార్టీ మనిషి అని. అయితే ఆ కేసులు లేవా అంటే, లేకేం! ఊళ్లో గుడికి మాన్యం ఉన్నంత కాలం, మసీదుకు ప్రహరీ గోడ కావలసినంత కాలం, చర్చివాళ్లకు సమాధుల తోట అవసరమైనంత కాలం అవి ఉంటాయి. వాటి నెత్తిన మతం అన్న పేరుండదు, అంతే. భూమి తగాదా అనో, జీతం తగాదా అనో, కుల ధ్రువపత్రం అనో పేరు చెప్పుకుని వకీలు గుమ్మం ఎక్కుతాయి.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ రాజ్యాంగం మొదటి సవరణను పట్టుకుని జీవితమంతా మత స్వేచ్ఛ కేసులే నడిపే న్యాయవాదులున్నారు. వాళ్లను పోషించే సంస్థలున్నాయి. ఆ దారి వేసినవాళ్లలో హేడెన్ కవింగ్టన్ ఒకడు. టెక్సాస్ మనిషి, యెహోవా సాక్షుల శాఖకు ఆస్థాన న్యాయవాది. బడిలో జెండాకు వందనం చేయని పిల్లలను బయటికి పంపడం సబబేనని 1940లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మూడేళ్లు తిరిగేసరికి, 1943 జూన్ 14న, అదే కోర్టు ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆ రెండో కేసు వాదించినవాడు కవింగ్టన్. తర్వాతి కాలంలో బాక్సర్ మహమ్మద్ అలీ యుద్ధానికి రానన్నప్పుడు ఆయన తరఫున నిలబడ్డవాళ్లలోనూ ఉన్నాడు. ఒక విశ్వాసం, ఒక కక్షిదారు సంఘం, దాని వెంట ఒక జీవితం: అదీ ఆ వృత్తి తీరు.

ఆ తీరు మన నేల మీద నడవదు. లాయర్లకు శ్రద్ధ లేక కాదు. మత స్వేచ్ఛ అనగానే ఒక మతంవాళ్లు ఇంకో మతంవాళ్లతో పడే గొడవ అనుకుంటాం, పేపర్లలో కనిపించేవి అవే కాబట్టి. కోర్టు రికార్డు తిరగేస్తే కథ వేరేగా ఉంటుంది. మన దేశంలో ఈ చట్టాన్ని మలిచిన పెద్ద కేసుల్లో చాలావాటిలో వాదీ ప్రతివాదీ ఒకే దేవుడికి దండం పెట్టేవాళ్లు. మఠాధిపతికీ ఎండోమెంట్సు కమిషనర్‌కీ, జీయరుకూ జీయరుకూ, అర్చకుడికీ ప్రభుత్వానికీ, కులానికీ కులం వదిలి వెళ్లి తిరిగొచ్చినవాడికీ. ఇట్లాంటి చోట ఒకే పక్షానికి అంకితమైపోవడం వకీలుకు కుదరదు. ఇవాళ పూజారి వకాలత్తు మీద సంతకం చేయించుకున్న చెయ్యే రేపు ధర్మకర్తల మండలి తరఫున కౌంటరు రాస్తుంది.

బతుకుతెరువు మాట ముందు చెప్పుకోవాలి. ఇప్పుడు ఆంధ్రలో ఈ రకం కేసులకు తిండి పెట్టేది 22ఏ జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఆ సెక్షన్ కింద దేవాదాయ, వక్ఫ్ భూముల సర్వే నంబర్లు నిషేధిత జాబితాలో చేరితే సబ్ రిజిస్ట్రారు దస్తావేజు ముట్టుకోడు. కూతురి పెళ్లికి అర ఎకరా అమ్ముదామని బయలుదేరిన రైతుకు ఆ రోజే తెలుస్తుంది, తన పట్టా భూమి పక్కనున్న గుడి మాన్యం నంబరుతో కలిసిపోయిందని. అప్పుడు వకీలు 1860ల నాటి ఇనాం కమిషన్ రిజిస్టరు నకలు తెప్పించాలి. దేవాదాయ శాఖవాళ్ల 43 రిజిస్టరు చూడాలి. ఆ ఇనాం దేవుడికిచ్చిందా, దేవుడికి సేవ చేసే మనిషికిచ్చిందా అని తేల్చాలి. మంగళవాయిద్యం వాయించే కుటుంబానికి, పల్లకీ మోసే బోయీలకు, గుడి ఊడ్చే మనిషికి ఇచ్చిన మాన్యాలు వేరు. స్వామి పేరనే ఉన్న భూమి వేరు. నూట అరవై ఏళ్ల కిందటి గుమాస్తా గొలుసుకట్టు రాతలో ఆ ఒక్క గడి ఎట్లా నింపాడన్న దాని మీద ఇవాళ్టి ఎకరా ధర నిలబడి ఉంటుంది. రాజ్యాంగం 25వ అధికరణం గురించి ఎవరూ ఊసెత్తరు. అయినా మతానికీ రాజ్యానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నే అది, కొలత గొలుసు వేషంలో.

ఇక అసలు రుచి ఉన్న కేసులు జాతర్ల ముందు వస్తాయి. చిత్తూరు జిల్లాలో ఏ తాలూకా కోర్టు వరండాలోనైనా ఇట్లాంటి సంభాషణ చెవిన పడవచ్చు.

"మా తాత కాలం నుంచి అమ్మోరి శిరస్సు ముందర మా వంశమే నిలబడేది సార్. తొలి సారె మాదే. ఈ ఏడు పక్క వీధోళ్లు ఇయ్యమంటా ఉండారు."

"దానికేమన్నా మాన్యం ఉందా నాయనా? పూజారికి ధాన్యం కొలిచినట్టు మీకేమన్నా కొలుస్తారా?"

"మర్యాద సార్ అది. మర్యాదకు ధాన్యమేంది?"

వకీలు అక్కడ ఆగిపోతాడు. కక్షిదారుకు అది ప్రాణంతో సమానమైన సంగతి. సివిల్ కోర్టుకు మాత్రం మర్యాద ఒక్కటే అయితే వినదగిన సంగతి కాదు. ఈ గీత గీసిన తీర్పు 1961లో వచ్చింది. ఆళ్వార్ తిరునగరి గుడిలో తొలి తీర్థం ఎవరికివ్వాలని ఇద్దరు జీయర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. తీర్పు రాసింది కోకా సుబ్బారావు, రాజమండ్రి మనిషి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయినాయన. ఆయన చెప్పిన దాని సారం ఇది: వట్టి మర్యాదల కోసం దావా చెల్లదు, గుడిలో ఒక ఉద్యోగం, ఒక పదవి ఉండి, దాని ప్రతిఫలంగా ఆ మర్యాదలు వస్తుంటే దావా చెల్లుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ సెక్షన్ వివరణ కూడా ఆ తోవలోనే ఉంది. ఆస్తి హక్కో పదవి హక్కో తేల్చాల్సి వస్తే, అది పూర్తిగా పూజా విధానాల మీదే ఆధారపడినా సరే, కోర్టు తేలుస్తుంది. ఆ పదవికి రుసుము ఉన్నా లేకపోయినా ఫరవాలేదని 1976 సవరణ మరో వివరణ కలిపింది.

కాబట్టి వరండాలోని వకీలు పని ఏమిటంటే, కక్షిదారు చెప్పే ఆవేదనలోంచి ఒక పదవిని వెతికి పట్టుకోవడం. జాతర ముందురోజు చాటింపు ఎవరు వేయిస్తారు? ఊళ్లో చందా పుస్తకం ఎవరి దగ్గరుంటుంది? అమ్మవారి నగల పెట్టె తాళం చెవి ఎవరిది? అడగ్గా అడగ్గా పాత చందా రసీదు ఒకటి బయటపడుతుంది, దాని మీద తాత వేలిముద్ర, కింద ఏదో హోదా. అది దొరికితే కేసు ఉన్నట్టే. భక్తికి సాక్ష్యం రసీదు అని చెబితే భక్తుడికి కోపం రావచ్చు. కోర్టులో మాత్రం అంతకు మించిన సాక్ష్యం లేదు.

పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు మీదుగా వెళ్తే తిరుపతి. ఈ చట్టం చరిత్ర రాయదలచినవాడు ఆ కొండ దగ్గర ఎక్కువసేపు కూర్చోక తప్పదు. 1801 నుంచి ఈస్టిండియా కంపెనీ తిరుమల లెక్కలు తన చేతిలో పెట్టుకుంది. 1821లో బ్రూస్ అనే అధికారి ఆలయ నిర్వహణకు 42 నిబంధనలు రాశాడు, దాన్నే బ్రూస్ కోడ్ అంటారు. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధన గుడుల పెత్తనం చేయడమేమిటని ఇంగ్లండులో మిషనరీలూ వాళ్ల మద్దతుదారులూ గోల చేశారు. ఆ ఒత్తిడికి తలొగ్గి 1843లో కంపెనీ కొండను హథీరాంజీ మఠం మహంతుకు అప్పగించి చేతులు దులుపుకుంది. స్వామితో పాచికలాడిన బావాజీ మఠమే అది. లండన్‌లో కొందరు క్రైస్తవుల మనస్సాక్షి నొచ్చుకున్నందుకు, తిరుమల ఉత్తరాది వైష్ణవ మఠం చేతికి వచ్చింది. చరిత్రలో ఇంతకంటే వంకర తోవలో నడిచిన మత స్వేచ్ఛ కేసు చూపించడం కష్టం. తొంభై ఏళ్లు మహంతుల పాలన నడిచింది, దాంతోపాటే వాళ్ల మీద దావాలూ నడిచాయి.

దాన్ని మార్చిన రాజకీయం వెనకా ఈ జిల్లా మనిషే ఉన్నాడు. పానగల్లు రాజా, అసలు పేరు పానగంటి రామారాయణింగారు, శ్రీకాళహస్తి వంశం. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి హోదాలో ఉన్న జస్టిస్ పార్టీ నాయకుడు. గుళ్ల డబ్బు మీద ప్రభుత్వ అజమాయిషీ ఉండాలని హిందూ మత ధర్మాదాయ చట్టం తెచ్చాడు. 1925లో వచ్చిన ఆ చట్టం చెల్లుబాటు మీదే సవాళ్లు రావడంతో 1927లో మళ్లీ చేశారు. తిరుమలకు విడిగా 1932లో చట్టం చేశారు, 1933లో మహంతు చేతిలోంచి కమిటీ చేతికి పెత్తనం మారింది. తిరుమల తిరుపతి దేవస్థానాలు అని నేడు మనం పిలిచే సంస్థ పుట్టుక అది. అప్పుడు రాజాను మతద్రోహి అన్నవాళ్లున్నారు. ఇప్పుడు గుళ్లను ప్రభుత్వం వదిలిపెట్టాలని సభలు పెట్టేవాళ్లు అవే వాదనలు వినిపిస్తున్నారు. మధ్యలో దాదాపు వందేళ్లు గడిచాయి, అంతే తేడా.

స్వతంత్రం వచ్చాక ఆ వాదన రాజ్యాంగం భాష నేర్చుకుంది. 1954 నాటి శిరూరు మఠం తీర్పులో, మతంలో ముఖ్యమైన భాగం ఏదో ఆ మత సిద్ధాంతాలను బట్టే నిర్ణయించాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒక్క వాక్యంతో వకీళ్లకు కొత్త చదువు మొదలైంది. న్యాయశాస్త్రంతో పాటు ఆగమశాస్త్రమూ పట్టుకెళ్లాల్సి వచ్చింది.

ఆ చదువుకు పెద్ద పరీక్ష తిరుమల అర్చకుల కేసు. పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ అనే నాలుగు వంశాలవాళ్లు మిరాశీ హక్కుతో వంతులవారీగా స్వామి కైంకర్యం చేసేవారు. ఎన్టీ రామారావు ప్రభుత్వం వేసిన జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ సిఫార్సులతో 1987లో 30వ నంబరు చట్టం వచ్చింది. దాని 34వ సెక్షన్ వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసింది. 144వ సెక్షన్ హుండీలోనూ రుసుముల్లోనూ వాటాలను రద్దు చేసింది. ఏ.ఎస్. నారాయణ దీక్షితులు పేరుతో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. తిరుమలలో జరిగేది వైఖానస ఆగమం. అర్చకుల వాదన ఏమిటంటే, మూలవిరాట్టును ఎవరు తాకవచ్చో ఆగమం చెబుతుంది, పుట్టుకతో వైఖానసుడు కానివాడు తాకితే బింబానికి దోషం వస్తుంది, కాబట్టి నియామకం కూడా మతంలో భాగమే. ప్రభుత్వ వాదన ఏమిటంటే, పూజ మతమే కానీ పూజారిని నియమించడం లౌకిక వ్యవహారం. 1972లో తమిళనాడు అర్చకుల విషయంలో, శేషమ్మాళ్ కేసులో, సుప్రీంకోర్టు ఆ మాటే అని ఉంది.

1996 మార్చి 19న తీర్పు వచ్చింది. రాసినవారు జస్టిస్ కె. రామస్వామి, తెలుగువారే. చట్టం నిలిచింది. గర్భగుడిలో ఏం చేయాలో ప్రభుత్వం చెప్పకూడదు, ఎవరు చేయాలో చెప్పవచ్చు. అయితే ఆ చేసేవాడు ఆగమం చదువుకున్నవాడై ఉండాలి. అర్చకుల సంక్షేమానికి పథకం ఆలోచించమని కూడా కోర్టు చెప్పింది. తీర్పు చదివితే వేదాలు, ఉపనిషత్తులు, ధర్మం అంటే ఏమిటి, మతం అంటే ఏమిటి అన్న చర్చ పేజీల కొద్దీ సాగుతుంది. ఇదంతా చదివాక ఒక సందేహం రాక మానదు. ధర్మాసనం మీద కూర్చున్నవారు ఇంత శాస్త్రం చెప్పాల్సిన అవసరం ఉందా? హుండీ వాటా రద్దు చేయడానికి ఉపనిషత్తు ఎందుకు? శిరూరు మఠం వాక్యం పెట్టిన ఇరుకు అది. మతంలో ముఖ్యమైనదేదో తేల్చమంటే కోర్టు పండితుడి పాత్ర వేయక తప్పదు.

ఆ తీర్పుతో కథ ముగియలేదు. పదకొండేళ్ల తర్వాత, 2007లో, అదే శాసనసభ 33వ నంబరు చట్టంతో వంశపారంపర్య అర్చకులకు కొన్ని హక్కులు తిరిగి ఇచ్చింది. కోర్టులో ఓడినవాళ్లు శాసనసభలో గెలిచారు. 1996లో అర్చకుల పక్షాన ఓడిన వకీలు ఎవరైనా ఆ రోజు పేపరు చూసి నవ్వుకునే ఉంటాడు.

కొండ దిగి ఇటు పశ్చిమానికి వస్తే, పలమనేరు నుంచి వి.కోట దాటి కొంచెం ముందుకు వెళ్తే కర్ణాటకలో కోలారు బంగారు గనులు. ఈ ప్రాంతంలో తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే సంతలో వినిపిస్తాయి. మతాలూ అంతే. పలమనేరులో పంతొమ్మిదో శతాబ్దంలోనే అమెరికన్ ఆర్కాట్ మిషన్ స్టేషన్ ఉండేది. బోధకులను తయారుచేసే వేదాంత పాఠశాల ఇక్కడ కొంతకాలం నడిచి తర్వాత వేలూరుకు మారింది. తాత బాప్తిస్మం తీసుకున్న ఇంట్లో మనవడు గంగమ్మకు పొంగలి పెట్టడం ఈ పల్లెల్లో వింతేమీ కాదు. ఆ కలగలుపును కోర్టు ముందు నిలబెట్టిన కేసు గనుల్లోంచే వచ్చింది.

కేజీఎఫ్ అసెంబ్లీ స్థానం అప్పట్లో షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు. 1967లో ఎస్. రాజగోపాల్ గెలిచాడు. ఓడిన సి.ఎం. ఆర్ముగం, ఈయన క్రైస్తవంలో చేరిన మనిషి, ఆది ద్రావిడుడు కాదు అని సవాలు చేశాడు. హిందువుగా తిరిగి వచ్చినా పాత కులంలో సభ్యుడయ్యాడని రుజువు కాలేదని సుప్రీంకోర్టు చెప్పడంతో ఎన్నిక పోయింది. 1972లో మళ్లీ అదే స్థానం, అదే ఇద్దరు, మళ్లీ రాజగోపాల్ గెలుపు, మళ్లీ అదే సవాలు. ఈసారి 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎన్నికను నిలబెట్టింది. మధ్యలో మారిందేమిటి? కులం ఆయన్ను మళ్లీ తనవాడిగా ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడానికి సాక్ష్యాలు మామూలు సంగతులే: పిల్లల పేర్లు బడి రిజిస్టర్లో ఏ కులంగా రాశారు, కుల సభల్లో ఆయన్ను ఎక్కడ కూర్చోబెట్టారు, చావుకీ పెళ్లికీ పిలిచారా లేదా. మరుసటి ఏడు గుంటూరు మెడికల్ కాలేజీ సీటు కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే సూత్రం పట్టుకుంది. తల్లిదండ్రులు క్రైస్తవులైనా, కొడుకు హిందువుగా మారితే, కులం ఒప్పుకుంటే కులం వస్తుంది.

ఇక్కడ వకీలుకు ఇబ్బంది ఉంది. మనస్సాక్షికి స్వేచ్ఛ ఇచ్చిన రాజ్యాంగం కిందే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డ్ కులాన్ని మతంతో కట్టేసింది. మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది. క్రైస్తవులకూ ముస్లింలకూ లేదు. 2025 ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ వేసిన కేసులో, క్రైస్తవంలో చేరి ఆ మతాన్నే ఆచరిస్తున్న వ్యక్తి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేడని చెప్పింది. అంటరానితనం చర్చి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచిపెట్టి రావచ్చునని ఆ ఉత్తర్వు నమ్ముతుంది. ఊళ్లో తిరిగేవాడికి అట్లా అనిపించదు. ఈ రకం కేసు తెచ్చిన కక్షిదారుకు నిజం చెప్పడం, అంటే ప్రార్థన ఎక్కడ చేస్తావన్న దాన్ని బట్టి నీ ధ్రువపత్రం ఉంటుందని చెప్పడం, ఈ వృత్తిలో అన్నిటికంటే చేదు పని.

ఈ చట్టానికి పునాది వేసిన రోజుల్లో ఒక తెలుగాయన పోషించిన పాత్ర తరచుగా మరుగున పడుతుంది. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టారు, తండ్రి పురోహితుడు. మద్రాసులో పేరుమోసిన న్యాయవాది, అడ్వకేట్ జనరల్, రాజ్యాంగ ముసాయిదా కమిటీ సభ్యుడు. 1947లో ప్రాథమిక హక్కుల ఉపసంఘంలో, మతాన్ని స్వేచ్ఛగా ఆచరించే హక్కు అని ఏ హద్దూ లేకుండా రాస్తే కుదరదని రాజకుమారి అమృత్ కౌర్‌తో కలిసి అడ్డుచెప్పారు. అట్లా రాస్తే బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం లాంటివి కొట్టుకుపోతాయని, రేపు చేయబోయే సంస్కరణలకు దారి మూసుకుపోతుందని వారి భయం. నేటి 25వ అధికరణంలో సంఘ సంస్కరణకు ప్రభుత్వానికి వదిలిన సందు ఆ భయంలోంచి వచ్చినదే. పౌరోహిత్యం ఇంట పుట్టినాయన పౌరోహిత్యానికి హద్దు గీయమన్నాడు. పానగల్లు రాజా, అల్లాడి, రామస్వామి: ముగ్గురూ మతాన్ని లోపలి నుంచి ఎరిగినవాళ్లు, ముగ్గురూ రాజ్యానికి తలుపు కొంచెం తెరిచిపెట్టినవాళ్లు. అది మంచికే అయిందా అన్నది ఎవరి గుడి, ఎవరి హుండీ అన్నదాన్ని బట్టి మారుతూ ఉంటుంది.

తలుపు రెండో వైపు నుంచి నెట్టినవాడూ ఒక రాయలసీమ మనిషే. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, అనంతపురం జిల్లా. 1985 జులైలో కేరళ కొట్టాయం జిల్లాలో ఒక హైస్కూలు ఒక అన్ననూ అతని ఇద్దరు చెల్లెళ్లనూ బడి నుంచి పంపేసింది. ఒకరు పదో తరగతి, ఒకరు తొమ్మిది, ఒకరు ఐదు. జాతీయగీతం పాడేటప్పుడు లేచి నిలబడతారు కానీ పాడరు. వాళ్లు యెహోవా సాక్షులు, వాళ్ల విశ్వాసంలో దేవుడికి తప్ప ఎవరికీ ఆ స్తుతి లేదు. కేరళ హైకోర్టు పిల్లల తండ్రి మొర వినలేదు. సుప్రీంకోర్టులో పిల్లల తరఫున నిలబడింది పార్సీ న్యాయవాది ఫాలీ నారిమన్. 1986 ఆగస్టు 11న తీర్పు వచ్చింది. ఆ నమ్మకం మన బుద్ధికి ఎక్కుతుందా లేదా అన్నది ప్రశ్న కాదు, వాళ్లు నిజంగా మనసా నమ్ముతున్నారా లేదా అన్నదే ప్రశ్న అని చిన్నపరెడ్డి తేల్చారు. కవింగ్టన్ గెలిచిన 1943 తీర్పునూ, ఆస్ట్రేలియా, కెనడా తీర్పులనూ ఉదహరించారు. పిల్లలను తిరిగి చేర్చుకోమన్నారు. యెహోవా సాక్షులు, పార్సీ వకీలు, సీమ జడ్జి: ఈ దేశంలో మత స్వేచ్ఛ కేసు అంత శుభ్రంగా ముగిసిన సందర్భాలు తక్కువ. ఆ కేసులో ఆగమం ఊసు లేదు, హుండీ లేదు, మాన్యం లేదు. అందుకే అది అంత శుభ్రంగా ముగిసిందేమో.

పలమనేరు చుట్టుపక్కల పనిచేసే వకీలుకు అట్లాంటి శుభ్రమైన కేసు దొరకదు. అతని ముందుకు వచ్చేది బోయకొండ గంగమ్మ దగ్గర కోడిని కోయవచ్చా లేదా అన్న ప్రశ్న. గుడి ఆవరణలో జంతుబలిని నిషేధించే చట్టం 1950 నుంచి ఉంది. మొక్కుబడులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. గుడి ఆవరణ ఎక్కడ ముగుస్తుందన్న దాని మీద ఆ రెండూ రాజీపడుతుంటాయి. లేదా మైకు తగాదా వస్తుంది. 2000లో చెన్నై పెంటెకొస్తు చర్చి కేసులో, పక్కవాళ్ల ప్రశాంతత చెడగొట్టే మైకుతో ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు అంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు వద్దన్న నిబంధన అదే ఏడు వచ్చింది. చర్చి మీద ఫిర్యాదు చేయడానికి వచ్చిన పెద్దమనిషికి, ఈ తీర్పు నీ గుడి సుప్రభాతానికీ వర్తిస్తుందని చెబితే ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోవచ్చు. మంచి వకీలు ఆ మాట ఫీజు తీసుకోకముందే చెబుతాడు.

ఈ పనికి తయారయ్యే కుర్రవాడు శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో లా చదివి వచ్చాడనుకుందాం. అక్కడ 25వ అధికరణం నేర్పుతారు, ఇనాం రిజిస్టర్ చదవడం నేర్పరు. అది సీనియరు దగ్గర, పాత కాగితాల దుమ్ములో నేర్చుకోవాలి. ఎండోమెంట్సు ట్రిబ్యునల్ ఒకటుంది, వక్ఫ్ ట్రిబ్యునల్ ఒకటుంది, ఇక్కడి ఆర్డీఓ కార్యాలయం ఒకటుంది. పలమనేరు రెవెన్యూ డివిజన్ 2022లో ఏర్పడింది కాబట్టి మదనపల్లెకు తిరిగే బాధ తప్పింది. రిట్ వేయాలంటే మాత్రం ప్రయాణమే. తాతల కాలంలో మద్రాసు వెళ్లారు, 1954లో గుంటూరు, ఆ తర్వాత హైదరాబాదు, 2019 నుంచి అమరావతి. హైకోర్టు ఊరు మారినప్పుడల్లా కక్షిదారు బస్సు చార్జీ కూడా మారింది.

పై కోర్టులో ఇంకా తేలాల్సిన మాట పెద్దదే ఉంది. శబరిమల పునఃసమీక్షలో 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు కొన్ని ప్రశ్నలను విస్తృత ధర్మాసనానికి పంపింది. 2020 ఫిబ్రవరిలో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏడు ప్రశ్నలు రాసుకున్నారు. మత స్వేచ్ఛ హద్దులు ఎంతవరకు, ఒక మతంవాళ్ల ఆచారాన్ని ఆ మతానికి చెందనివాడు ప్రజాహిత వ్యాజ్యం వేసి ప్రశ్నించవచ్చా, ఇట్లాంటివి అందులో ఉన్నాయి. శిరూరు మఠం నాటి నుంచి కోర్టులు మోస్తున్న పాండిత్యం బరువు దించుకోవచ్చా అన్నది కూడా ఆ జవాబుల్లోనే తేలాలి. ఈలోపు జాతర తేదీ ఆగదు. సారె కేసు పెట్టిన కక్షిదారు బుధవారం లోపు ఇంజంక్షన్ కావాలంటున్నాడు. వకీలు ప్లెయింటు మూడో పేరాలో పదవి సంగతి రాసి, ఐదో పేరాలో ఆచారం సంగతి రాసి, చివర చందా రసీదును మొదటి దస్తావేజుగా జతచేసి, కోర్టు ఫీజు స్టాంపులకు గుమాస్తాను పంపించాడు.